అవ్వ నడుగువా రెవ్వరు?

(సూళ్లూరుపేటలో విద్యార్థులును, వారి తలిదండ్రులును గూడిన సభలో గావించిన ఉపన్యాసము)



పిల్లలును పెద్దలును గూడిన సభలో మాటలాడుమని కోరినప్పుడు వక్తలు సాధారణముగా వృద్ధులను గౌరవింపవలెనని పిల్లలకు నీతి బోధించి, పూలదండ వేయించుకొని వెడలిపోవుదురు. మాకా పని యిష్టము లేదు. గౌరవమునకు మన యిండ్లలో కఱవు లేదు. పండుగనాడు అవ్వతాతల కాళ్లకు మ్రొక్కని మనుమడు అరుదు. మ్రొక్కి లేచిన పిమ్మట, ఆ కాళ్లు ఎనిమిదేండ్ల ప్రాయమున ఏ త్రోవను నడచినవో, వానికి చెప్పులుండెనో లేదో, ఎవరి చేలో ఏ పనికి బోయినవో అడిగిన మనుమని మాత్రము మేము మిక్కిలి అరుదుగా జూచితిమి. నేడు మీతో ముచ్చటింపవచ్చినది ఈ యడుగకుండుటను గూర్చియే.

మీ యూరి సంగతియే యెత్తుకొందము. 2023వ సంవత్సరము జూలై 14వ తేదీని చంద్రయాన్-3 శ్రీహరికోటనుండి లేచినప్పుడు ఈ ప్రాంతపు పిల్లలు మిద్దెలెక్కి చూచిరి. ఆ నౌక యెన్ని గంటలకు లేచినదో, చంద్రునిపై నే దినమున దిగినదో నిద్రలో లేపి యడిగినను చెప్పగలరు. అది మాకును గర్వకారణమే. కాని యా నౌక లేచిన దీవిలో, 1969లో ప్రభుత్వమువారు రాకెట్టు కేంద్రమునకు స్థలనిర్ణయము చేయుటకు ముందు, పల్లెలుండెననియు, ఆ పల్లెలలో పిల్లలుండిరనియు, వారిలో కొందఱు నేడు మీ వీథి యరుగులమీద కూర్చుండియున్నారనియు ఎందఱు పిల్లలెఱుగుదురు? 1971 అక్టోబరు 9వ తేదీని తొలి చిన్న రాకెట్టు అచ్చటనుండి ఎగిరినది. పల్లెల జనము సరస్సు దాటి ఇవ్వలి యొడ్డు చేరిరి. ఆ దీవిలో ఊహ తెలిసిన బాల్యము గడపినవారిలో మిక్కిలి చిన్నవారికి సయితము నేడు అరువది యేండ్లకు తక్కువ లేవు. వారికన్న పెద్దలలో అనేకులు గడచిపోయిరి. దీవి యున్నది, అడవి యున్నది, సముద్రమున్నది. సాయంకాలమున పిల్లలు ఎచ్చట నాడుకొనిరో, త్రాగునీరు ఏ గుంటనుండి తెచ్చుకొనిరో, ఏ చెట్టుక్రింద దయ్యమున్నదని జడిసిరో చూపు పటము మాత్రము మే మెఱిగినంతలో ఏ కచ్చేరిలోను లేదు. అది కొందఱు ముసలివారి తలలలో నున్నది. మేము రాకెట్టు కేంద్రమును నిందించుటకు వచ్చినవారము కాము. ఆకాశమునుగూర్చి ఇంత శ్రద్ధగా లెక్కలు వ్రాసికొను ఊరు, ఆ లెక్కలకు చోటిచ్చిన నేలనుగూర్చి నాలుగు పుటలు వ్రాసికొనరాదా యని మాత్రమే మా ప్రశ్న.

బకింగుహాం కాలువ సంగతియు నంతే. 1806వ సంవత్సర ప్రాంతమున మద్రాసునుండి ఉత్తరముగా త్రవ్వ నారంభించి, 1877-78 నాటి ఘోరమైన కఱవులో కూలిజనముచేత మఱికొంత త్రవ్వించి, పెదగంజామునుండి మరక్కాణము వఱకు సుమారు 420 కిలోమీటర్లు సాగించిన జలమార్గ మది. శ్రీహరికోట కట్టెలు ఆ కాలువమీదనే మద్రాసు పొయ్యిలకు జేరెడివి. రైలును, లారీయు వచ్చిన తరువాత పడవల బేరము తగ్గినది. 1960ల నాటి తుపానులకు కాలువ దెబ్బతిని, పడవలు మూలబడినవి. ఇంతవఱకు పుస్తకములలో దొరకును. పడవతోగూడ పోయిన పిల్లవాడు ఏమి తినెనో, రాత్రివేళ పడవ నెచ్చట కట్టిరో, మద్రాసు దీపములు తొలిసారి కనబడినప్పుడు వాని మన స్సెట్లుండెనో ఏ గెజెటీరులోను లేదు. అది తెలిసినవాడు ఎక్కడనో మనుమని యింటి వెనుక వరండాలో, ఎవరును తన్ను పలుకరింపని మధ్యాహ్నములు గడపుచున్నాడు.

మన పెద్దలు ఈ పులికాటు సరస్సును ప్రళయకావేరి యనిరి. స. వెం. రమేశుగారు ఆ పేరుతోనే కథలు వ్రాసి, సరస్సులోని దీవులలో బ్రదికిన అవ్వతాతల తిండిని, ఆటలను, పలుకుబడిని నిలిపిరి. ఒక్క మనుమడు చెవియొగ్గి వినినందున మనకింత దక్కినది. ఇరకము, వేనాడు మొదలుకొని తడవఱకు ఎందఱు మనుమలు లేరు!

మా వృత్తి న్యాయవాదము గనుక ఆ వైపునుండి ఒక మాట చెప్పెదము. కోర్టులో వయస్సు అడిగినప్పుడు పల్లెటూరి ముసలమ్మలు చెప్పు జవాబులు విని నవ్వువారిని చూచియున్నాము. "పొట్టి శ్రీరాములు పోయిన యేడు నన్ను బడిలో వేసినారు" అని యొకామె. "అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు నాకు పెండ్లయింది" అని మఱొకామె. నవ్వుటకు ఇందేమున్నది? శ్రీరాములుగారు ప్రాణము విడిచినది 1952 డిసెంబరు 15. నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిలు 1. పెండ్లినాటికి తనకు పదునాలుగేండ్లని యామె చెప్పినచో జన్మసంవత్సరము తేలినట్లే. పంచాంగము చేతలేనివారు దేశచరిత్రనే పంచాంగముగా జేసికొనిరి. అడుగువానికి ఓపిక యుండవలెను, అంతే.

ఇక చట్టము మాట. చనిపోయినవారి మాట సామాన్యముగా సాక్ష్యము కానేరదు. కాని 1872 నాటి సాక్ష్య చట్టములోని 32వ సెక్షనులోను, ఆ చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఒక మినహాయింపు కలదు. కుటుంబములోని చుట్టఱికములనుగూర్చి, వానిని ఎఱుగదగినవారు, వివాదము పుట్టకముందు చెప్పినదియో వ్రాసినదియో యైనచో కోర్టు దానిని స్వీకరించును. వివాదము పుట్టకముందు అను మాటను గమనింపుడు. లాభనష్టములు తలపునకు రాకముందు చెప్పిన మాటకు చట్టమే విలువ నిచ్చినది. పొలము పంచుకొన వచ్చిన కుమారుడు అడిగినచో ముసలివాడు మూడు విధముల నాలోచించి చెప్పును. పదేండ్ల పిల్ల మోకాళ్లపై కూర్చుండి, "తాతా, చిన్నప్పుడు నీకు ఎవరంటే భయం?" అని యడిగినచో ఆలోచింపక చెప్పును. పాతికేండ్లుగా సాక్షుల నడుగుటయే వృత్తిగా గల మావంటి వారికి ఆ పిల్ల రాబట్టిన జవాబు రాదు.

అడిగి వ్రాసికొనుట మన దేశమునకు క్రొత్త కాదు. కర్నల్ మెకంజీ దొర కొలువులో, ఏలూరివారైన కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్యగారలును, వారితోడివారును ఊరూరికి సంబంధించిన వృత్తాంతములు సేకరించిరి. మెకంజీ 1821లో మరణించెను; ఆ గ్రామ కైఫీయత్తులు నేటికిని మన చరిత్రకారులకు ఆధారములైయున్నవి. వానిలో రాజులున్నారు, దానములున్నవి, చెఱువులు, గుళ్లు, మిరాసీలు ఉన్నవి. పిల్లలు లేరు. కరణము నడిగిరి, కరణము తనకు దెలిసినది చెప్పెను. కరణముగారి వంటయింటిలో విసనకఱ్ఱతో పొయ్యి నూదుచుండిన ముసలమ్మను అడిగియుండినచో మఱొక కైఫీయత్తు పుట్టియుండును. దొర జీతమిచ్చినప్పుడు ఊరూరు దిరిగి అడిగినవారము, కానీ ఖర్చులేక మన యింటిలోనే అడుగదగినదానిని అడుగమైతిమి.

ఐర్లండు దేశము మనవలెనే ఇంగ్లీషువారితో పెనగులాడి, 1922లో స్వపరిపాలన సంపాదించుకొన్నది. బీద దేశము, సొంత భాష నానాటికి సన్నగిల్లుచున్న దేశము. అచ్చటి ప్రభుత్వము 1935లో జానపద విజ్ఞాన సంఘమును స్థాపించినది. 1937నుండి 1939వఱకు ఆ సంఘము చేసిన పనిని మీరు చెవినిడి వినవలెను. సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలలలో పదునొకండునుండి పదునాలుగేండ్ల లోపు పిల్లలకు ఒక పని యొప్పగించిరి. ఇంటికి బోయి, తల్లిని, తండ్రిని, అవ్వను, తాతను, ప్రక్కయింటి ముసలివారిని అడిగి, చెప్పినది చెప్పినట్లు నోటు పుస్తకములో వ్రాసికొని రావలెను. ఆటలు, బొమ్మలు, పాత బడులు, కఱవు కాలపు తిండి, ఇంటి వైద్యము, ఊరి పేళ్లు, పిడుగు పడిన రాత్రి - ఒకటనరాదు. వ్యాసరచనకు ఉంచిన గంటలనే దీనికి కేటాయించిరి. యేబదివేలకు పైగా పిల్లలు వ్రాసిన ఆ పుటలు, ఉపాధ్యాయులు ఎత్తివ్రాసిన ప్రతులతో గూడ, ఏడు లక్షల నలుబదివేలని లెక్కించిరి. నేడు ఆ దేశమువారు తమ ముత్తవ్వ మాటను, దానిని వ్రాసిన పదునొకండేండ్ల పిల్లవాని దస్తూరితో సహా, కంప్యూటరుమీద తెఱచి చదువుకొనుచున్నారు. పండితులు చేయలేని పనిని పిల్లలు రెండేండ్లలో చేసిరి. ఎట్లనగా, పండితుడు తలుపుతట్టిన ముసలివారు కుర్చీ వేసి లాంఛనముగా మాటలాడుదురు. మనుమడు తలుపు తట్టనక్కఱలేదు.

మన పిల్లలకు వ్యాసరచన గంటలేదా? ఉన్నది. ఆ గంటలో వారు "ఆవు", "నాకు నచ్చిన నాయకుడు", "వార్తాపత్రికల ఉపయోగములు" అను వ్యాసములను గైడుపుస్తకమునుండి ఎత్తి వ్రాయుచున్నారు. ఇంతకన్న చెప్పుట యనవసరము.

ఇప్పుడు అడుగు విధము చెప్పెదము. కోర్టులో మన పక్షపు సాక్షిని విచారించునప్పుడు లీడింగు ప్రశ్న వేయరాదు. అనగా జవాబును ప్రశ్నలోనే పెట్టి అందింపరాదు. ఈ నియమమును వకీళ్లే తఱచు మఱతురు, పిల్లలను తప్పుపట్టనేల? "అవ్వా, నీ చిన్నప్పుడు రోజులు బాగుండేవి గదా?" అని యడిగిన, "బాగుండేవి నాయనా" అని ఆమె యనును. పుస్తకము మూసికొనవచ్చును. మే మెఱిగిన యొక యింటిలో ఆఱవ తరగతి చదువు బాలిక వేఱు విధముగా మొదలుపెట్టినది. ఆ సంభాషణ మేము విన్నంతవఱకు వినిపించెదము.

"అవ్వా, పొద్దున లేచి మొదట ఏం పని చేసేదానివి?"

"పేడ ఎత్తేదాన్ని."

"తర్వాత?"

"నీళ్లకు పోయేదాన్ని. తర్వాత మా అన్నకు సద్ది ఇచ్చి వచ్చేదాన్ని."

"ఎక్కడికి?"

"బడి కాడికి. లోపలికి కాదులే, గోడ దాకా."

"గోడ కాడ ఏం చేసేదానివి?"

"ఏం చేస్తాను, నిలబడేదాన్ని. అయ్యవారు ఎక్కాలు చెప్పించేవాడు. రెండో ఎక్కం, మూడో ఎక్కం నాకు ఆడనే వచ్చినాయి."

ఆ ముసలమ్మ రెండవ యెక్కము ఆసాంతము అప్పగించినది. ప్రక్కగదిలో లెక్కలు చూచుకొనుచుండిన ఆమె కుమారుడు లేచివచ్చి గుమ్మములో నిలిచెను. యేబదియేండ్లుగా తన తల్లికి చదువు రాదని మాత్రమే యెఱిగినవాడు. పాలవాని లెక్క ఆమె యెన్నడును తప్పకపోవుటకు కారణ మెఱుగడు. బడిగోడ యని యామె యన్నమాటకంటె బాలికల విద్యనుగూర్చి మేము సభలలో చేసిన ప్రసంగములు ఎక్కువ చెప్పినవని మాకు నమ్మకము లేదు.

ఆ బాలిక చేసినదెల్ల, "తర్వాత?" అనుట, "ఎక్కడికి?" అనుట. ముసలివారు మౌనమూనినప్పుడు ఆ మౌనమును తాను నింపలేదు. మఱొక సులువు కూడ కలదు. కంటికి గనబడు వస్తువునుండి మొదలుపెట్టుడు. మీ యవ్వ భుజముమీద నాణెమంత మచ్చ యున్నదా? అది మశూచికి వేసిన టీకాది. 1977లో మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రకటించినారు. అంతకు ముందు ఆ వ్యాధిని అమ్మవారనిరి. ఊరిలో అమ్మవారు పోసినదనగా చెంగాళమ్మకు మ్రొక్కుకొనిరి. టీకా వేయు మనిషి వచ్చినాడనగా పిల్లలు గడ్డివాముల చాటున దాగిన కథలు ప్రతి యింటను గలవు. "ఈ మచ్చ ఏంది అవ్వా?" అను ఒక్క ప్రశ్నకు ఒక సాయంకాలము చాలదు.

తాతల విషయమున ఒక హెచ్చరిక. తాత నడచిన బడిదూరము ఏటేట ఒక మైలు పెరుగుచుండును. పెరుగనిండు. ఆయన చెప్పిన బియ్యపు ధర తప్పు కావచ్చును, కలెక్టరు పేరు తప్పు కావచ్చును. వానిని పుస్తకములలో చూచుకొనవచ్చును. ఇంటిలో ఎవరికి ముందు వడ్డించిరో, ఎవరు మిగిలినది తినిరో, ఏ బావిని ఎవరు ముట్టరాదో ఆయన తప్పు చెప్పడు. చెప్పక దాచిన దాచును.

దాచుట యనగానే అసలు సంగతికి వచ్చితిమి. ఇంతవఱకు చెప్పినది వినుటకు ఇంపుగా నున్నది. ఇక మీదటిది అంత యింపు కాదు. బాల్యమును ముచ్చటగా చెప్పుకొనుటకు కొంత కలిమి యుండవలెను. ఈ తీరమందలి యానాది కుటుంబముల వృద్ధులను ఎవరడిగిరి? 1871లో పుట్టి, 1952లో దేశమంతట రద్దయినది నేర జాతుల చట్టము. పుట్టిన కులమునుబట్టియే మనిషిని దొంగయని పట్టీకెక్కించిన చట్టమది. యానాదులలో కొందఱు దానిక్రిందికి వచ్చిరి. వారికొఱకు జీవితమంతయు పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు మన నెల్లూరు సీమవారే, మా వృత్తివారే. ఆయన యానాదులనుగూర్చి గ్రంథము వ్రాసిరి, 1973లో పద్మభూషణు డయిరి. కాని ఆ కుటుంబములలో పుట్టి, తండ్రి రాత్రివేళ పోలీసువారికి హాజరు చెప్పుకొని వచ్చువఱకు మేలుకొనియున్న పిల్లవాడు తానై చెప్పిన మాట వేఱు. అట్టి పిల్లలలో ఎవరైన మిగిలియుండినచో నేడు వారు ఎనుబది యేండ్లకు పై బడినవారు. వారి మనుమలు మీ బడులలో నున్నారు. ఆ మనుమడు తన తాత నడిగి, వ్రాసికొని వచ్చి, ఆ పుస్తకమును తరగతిలో తెఱచునప్పుడు ప్రక్కనున్న పిల్లలు ఏమందురు? ఉపాధ్యాయులారా, ఈ పని బాగుపడుటయు, చెడుటయు అచ్చటనే యున్నది. కలవారి పిల్ల చెప్పిన పూలతోట కథకు చప్పట్లు కొట్టించి, లేనివాని కథకు జాలిపడినచో వాడు మఱునాడు కల్పించి వ్రాసికొనివచ్చును. అది వాని తప్పు కాదు.

చెప్పుకొనరానిదని లోకము నిర్ణయించిన బాల్యములను అడిగి వ్రాసినవారు మనలో లేకపోలేదు. గిడ్ల సుజాతగారు తన మేనమామ కె. జి. సత్యమూర్తిగారిని, తన తల్లిని ఏండ్ల తరబడి అడిగి, వారు చెప్పిన దానినుండి ఇంగ్లీషున వ్రాసిన గ్రంథము 2017లో వెలువడినది. శివసాగరుడను పేరితో కవిత్వము వ్రాసిన సత్యమూర్తిగారు 2012లోనే గతించిరి. మేనకోడలు ముందుగా అడుగకపోయినచో మాలపల్లెలో గడచిన ఆయన బాల్యము ఆయనతోనే పోయియుండును. అంతకు ముందే, 1986లో, స్త్రీ శక్తి సంఘటనవారు తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీలను ఒక్కొక్కరిని కలిసి, వారి నోటిమాటనే "మనకు తెలియని మన చరిత్ర" యని ప్రకటించిరి. ఆ పేరు చాల తగినది. పోరాటము తెలియనివారు లేరు. అందులో అన్నము వండినది, తుపాకి మోసినది, తరువాత ఇంటికి బోయి నోరు మూసికొన్నది ఎవరో తెలియదు.

ఇంటి పెద్దలు కొందఱు, "పసివాండ్లకు ఆ కష్టములు చెప్పి వారి మనస్సు నొప్పించుట యెందుకు?" అని మాతో ననిరి. అందు న్యాయము లేకపోలేదు. చెప్పదలచుకోనిదానిని చెప్పించుటకు పిల్లలు క్రాసు చేయు వకీళ్లు కారు. "ఇంక చాలు నాయనా" అని యవ్వ యన్నప్పుడు పుస్తకము మూయవలెను. సెల్ ఫోనులో మాట పట్టుకొనుట మంచిదే, గొంతుక నిలుచును. కాని ఆమె యనుమతి లేక ఆ గొంతును ఊరివారికి, అమెరికాలోని పెదనాన్నకు, వారినుండి లోకమునకు పంపరాదు. పేరు వ్రాయవలదన్న పేరు తీసివేయవలెను. కష్టము విన్నందున పిల్లలు చెడుదురని మాత్రము మేము నమ్మము. రోజుకు రెండు గంటలు సినిమాలలో తలలు తెగుట చూచుచున్న పిల్లలు, తమ యవ్వ ఆకలిగొని పండుకొన్న రాత్రిని విని తట్టుకొనగలరు.

ఊరి సంగతి ఒకటి మఱచితిమి. మన ప్రాంతమువారిలో ముసలివారు కొందఱు అఱవబడిలో చదివినవారు, కొందఱు రెండు భాషలును రానట్లే రెండింటను మాటలాడువారు. వారు పుట్టినది మద్రాసు రాష్ట్రమున. 1953 అక్టోబరు 1నుండి ఆంధ్రరాష్ట్రమున నుండిరి. 1956 నవంబరు 1నుండి ఆంధ్రప్రదేశమున. 2022లో ఈ యూరు నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మాఱినది. అరుగు దిగకుండ ఇన్ని యెల్లలు దాటినవారు ఏ భాషలో ఏడ్చిరో, ఏ భాషలో ఎక్కములు చదివిరో అడుగుడు. వారు చెప్పిన మాట అఱవమైన అఱవముగానే, మోటైన మోటుగానే వ్రాయుడు. అవ్వ "ఆడ" అన్నదానిని "అక్కడ" అని దిద్దవలదు. మేము ఈ యుపన్యాసములో వ్రాసిన భాషలో మీరు ఎంతమాత్రము వ్రాయవలదు.

సంక్రాంతికి బెంగుళూరునుండి, చెన్నపట్నమునుండి మనుమలు వత్తురు. నాలుగు దినము లుందురు. మేము కొందఱు స్వచ్ఛంద సేవకులము నూఱు పుటల నోటు పుస్తకములు కొన్ని తెచ్చి ఈ బల్లమీద నుంచితిమి. సభ ముగిసిన పిమ్మట కావలసిన పిల్లలు తీసికొనవచ్చును, వెల లేదు. మొదటి పుటలో అడిగినవారి పేరు, తరగతి, చెప్పినవారు మీకు ఏమి వరుసో, చెప్పిన దినము వ్రాయుడు. రెండవ పుటలో చెప్పినవారు పుట్టిన యూరు వ్రాయుడు. ఆ యూరు ఇప్పుడు లేకపోయినను దాని పేరు వ్రాయుడు. చేయి వణకుటచేత తాము వ్రాయజాలమని వెనుక వరుసలోని తాతగారొకరు ఇప్పుడే కబురంపినారు. వారికి వ్రాసిపెట్టుటకు ఈ వీథి పిల్లలలో ఎవరైన ముందుకు రావలెను.